టీపీ-లింక్ ఆర్చర్ సీ6: ఆన్‌లైన్ వయొలిన్ పాఠాలు నడిచే ఇంట్లో

మాది విశాఖపట్నంలో పెదవాల్తేరు, కరకచెట్టు పోలమాంబ గుడికి కాస్త ఇవతల. నేను వయొలిన్ నేర్పుతాను. శిష్యుల్లో సగం మంది ఊళ్లోవాళ్లే, ఇంటికొచ్చి నేర్చుకుంటారు. మిగతావాళ్లు అమెరికాలోనూ గల్ఫ్‌లోనూ ఉన్నారు, వాళ్లకు పాఠమంతా తెర మీదే. ఈ రూటర్ గురించి రాసేవాళ్లు ఎక్కువగా ఎంత స్పీడ్ వచ్చిందో రాస్తారు. నేను చూసుకున్నది వేరు. తోడి రాగంలో గాంధార స్వరాన్ని ఊపుతూ కమాను లాగితే, ఆ ఊపు తెగకుండా అవతలి ఇంటికి చేరుతోందా? ఇప్పుడు చేరుతోంది.

ముందు పాత బాక్సు సంగతి చెప్పాలి. కొత్తది కొనాలా వద్దా అన్నది అక్కడే తేలుతుంది. ఫైబర్ కనెక్షన్‌తో పాటు ఇచ్చిన బాక్సు అది. లైనూ అందులోకే వస్తుంది, వైఫై కూడా అదే ఇస్తుంది. వైఫై నడిచే రేడియో బ్యాండ్లలో 2.4 గిగాహెర్ట్జ్ ఒక్కటే ఉంది. మాది 100 ఎంబీపీఎస్ ప్లాన్. స్పీడ్ టెస్ట్ పెడితే అంకె బాగానే కనిపించేది, పాఠం మొదలుపెడితే మాత్రం "టీచర్, మీరు స్టక్ అయిపోయారు" అని పిల్లలు చెప్పేవారు. ఉదయం అమెరికా పిల్లల క్లాసు పరవాలేదు. సాయంత్రం గల్ఫ్ పిల్లల క్లాసుకు కూర్చోవాలంటే టెన్షనే. ఒక్కోసారి బాక్సు మీద లైట్లన్నీ ఆరిపోయి, మళ్లీ ఒక్కొక్కటిగా వెలిగేవి.

వీడియో పాఠానికి ఎక్కువ స్పీడ్ అక్కర్లేదు. నాలుగైదు ఎంబీపీఎస్ నిలకడగా వస్తే చాలు. అదే ఫోన్లో సినిమా ఆగకుండా నడుస్తుందే అని మా ఇంట్లోవాళ్లు అనేవారు. సినిమా అయితే ముందు రాబోయే భాగాన్ని కొంత దించి పెట్టుకుంటుంది. మధ్యలో కాసేపు నెట్ ఆగినా, ఉన్నది చూపిస్తూ నెట్టుకొస్తుంది. పాఠం అప్పటికప్పుడు జరిగేది, ముందుగా దాచుకోవడానికి ఏమీ ఉండదు. ఆలస్యంగా వచ్చిన ధ్వని ముక్కను యాప్ పారేసి ముందుకు వెళ్లిపోతుంది. అలా పోయే ముక్కలోనే మన గమకం, అంటే ఆ స్వరం ఊపు, ఉంటుంది. విజయనగరం సంగీత కళాశాలలో నేర్చుకునే రోజుల్లో గురువుగారి వేలు తీగ మీద ఎక్కడ ఆగుతోందో ఎదురుగా కూర్చుని చూసేవాళ్లం. ఈ పిల్లలకు తెర మీద కనిపించేదీ వినిపించేదీ తప్ప ఇంకో ఆధారం లేదు. అది సరిగ్గా చేరకపోతే తప్పు స్వరాన్నే సాధన చేస్తారు. దాన్ని సరిదిద్దడానికి తర్వాత నెలలు పడుతుంది.

ఫోన్ చేస్తే కంపెనీ తరఫున వచ్చిన అబ్బాయి తన ఫోన్లో చూసి "లైన్ బాగానే ఉందండి, మేడం" అన్నాడు. అతను చెప్పింది నిజమే. నెట్ ఆగిన ప్రతిసారీ నేను బాక్సు మీది లైట్లు చూస్తూ వచ్చాను. ఎల్‌ఓఎస్ అని రాసి ఉన్న చోట ఎర్ర లైటు వెలిగితే ఫైబర్‌లో వెలుతురు రావడం లేదని అర్థం, అప్పుడు కంపెనీవాళ్లే రావాలి. మా బాక్సు మీద అది ఎప్పుడూ వెలగలేదు. లైట్లన్నీ ఆరిపోయిన సార్లు వదిలేస్తే, పీఓఎన్ లైటు, అంటే ఫైబర్ సిగ్నల్ అందుతోందని చెప్పేది, ఆకుపచ్చగా, నిలకడగా ఉండేది.

రెండో పరీక్ష పింగ్, అంటే చిన్న సందేశం పంపి జవాబు ఎంతసేపట్లో వస్తుందో చూడడం. లాప్‌టాప్‌లో కమాండ్ విండో తెరిచి, పింగ్ అని కొట్టి, పక్కన రూటర్ అడ్రస్ ఇవ్వాలి. మా ఇంట్లో అది 192.168.1.1, చాలా ఇళ్లలో అదే లేదా 192.168.0.1 ఉంటుంది. ఇంకో విండోలో 8.8.8.8కి పింగ్ పెట్టాలి, అది బయట ఉన్న గూగుల్ సర్వర్. రూటర్ వెంటనే జవాబిస్తూ బయటిది ఆగిపోతుంటే తప్పు లైన్‌ది. పక్క గదిలో ఉన్న రూటరే జవాబు ఇవ్వలేకపోతే తప్పు ఇంట్లోదే. సాయంత్రం పూట మా రూటర్ నుంచి జవాబు రావడానికి 300 మిల్లీసెకన్లు పట్టేది, మధ్యమధ్యలో అసలు వచ్చేదే కాదు. లాన్ కేబుల్‌తో లాప్‌టాప్‌ను నేరుగా బాక్సుకు కలిపితే అదే సమయంలో ఒక మిల్లీసెకనుకు మించలేదు. దాంతో తప్పు వైఫైలోనే ఉందని తేలింది. ఎవరింట్లోనైనా డబ్బు ఖర్చు పెట్టే ముందు ఈ కేబుల్ పరీక్ష తప్పకుండా చేయాలని నా అభిప్రాయం. ఖర్చేమీ లేదు, ఎవరినీ బతిమాలక్కర్లేదు.

కేబుల్ పెట్టినా ఆ లైట్లు ఆరి వెలగడం మాత్రం ఆగలేదు. అది వేరే జబ్బు. ద్వారకానగర్‌లో కంప్యూటర్ సామాన్ల షాపులు వరసగా ఉన్న వీధిలో, ఆర్టీసీ కాంప్లెక్స్ నుంచి నడిచి వెళ్లేంత దూరంలో ఒక చిన్న కొట్టుంది. అక్కడికి బాక్సు తీసుకెళ్తే కౌంటర్ దగ్గరున్న పెద్దాయన మొదట అడిగిన మాట: "అడాప్టర్ తెచ్చారామ్మా?" మల్టీమీటర్ పెట్టి చూశాడు. దేనికీ తగిలించకుండా చూస్తే 12 వోల్టులు సరిగ్గా ఉన్నాయి. బాక్సుకు తగిలించి, అది పని చేస్తుండగా చూస్తే 10కి పడిపోయింది. అడాప్టర్ లోపలి కెపాసిటర్లు వేడికి ఎండిపోతే ఇలాగే అవుతుందట. బాక్సుకు ఎక్కువ కరెంటు కావలసిన క్షణంలో వోల్టేజి చాలక అది ఆగి మళ్లీ మొదలవుతుంది. పిన్ను చుట్టూ పచ్చగా చిలుము కూడా పట్టి ఉంది. బీచ్ రోడ్డుకు దగ్గరగా ఉన్న ఇళ్ల నుంచి వచ్చే సామాన్లన్నీ ఇలాగే ఉంటాయని ఆయన అన్నాడు. ఉప్పుగాలికి మా కిటికీ గొళ్లేలే నిలవవు, ఈ సన్న పిన్ను ఏం నిలుస్తుంది?

నాకు నచ్చిందేమిటంటే, ఆ రోజు ఆయన రూటర్ అమ్మే ప్రయత్నమే చేయలేదు. "ముందు ఇది మార్చి చూడండమ్మా, కుదరకపోతే అప్పుడు రండి" అని అడాప్టరు మాత్రమే ఇచ్చాడు. వోల్టులు సరిగ్గా పాతదానిపై ఉన్నంతే ఉండాలి, ఆంపియర్లు అంతే ఉన్నా సరే, ఎక్కువున్నా సరే, తక్కువ ఉండకూడదు, పిన్ను లోపల ప్లస్సూ మైనస్సూ అదే వరసలో ఉండాలి. ఇవన్నీ ఓపికగా చూపించి పంపాడు. అడాప్టర్ మార్చాక లైట్లు ఆరిపోవడం పూర్తిగా ఆగింది.

సాయంత్రం పాఠం తెగడం మాత్రం మిగిలింది. ఫోన్లో వైఫై ఎనలైజర్ యాప్ వేసి చూస్తే కారణం కళ్లకు కట్టింది. మా అపార్ట్‌మెంట్‌లోనూ పక్కదాంట్లోనూ ఉన్న వైఫైలు ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. 2.4 బ్యాండ్‌లో చానెళ్లు 13 ఉన్నట్టు కనిపిస్తాయి కానీ, ఒకదానికొకటి తగలకుండా ఉండేవి 1, 6, 11 మాత్రమే. ఒక చానెల్‌లో ఒక్కసారికి ఒక్కరే మాట్లాడాలి, మిగతావాళ్లు ఆగాలి. సాయంత్రం అందరూ ఇళ్లకు చేరాక ఈ ఎదురుచూపే పెరిగిపోతుంది. మైక్రోవేవ్ ఓవెన్లు పని చేసేదీ ఈ 2.4 దగ్గరే. చానెల్ 11కి మార్చాను. కొంత నయమైంది, పాఠానికి సరిపోలేదు. 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్ ఉన్నది కావాలని అప్పుడు నిశ్చయించుకుని, మళ్లీ ఆ కొట్టుకే వెళ్లి ఆర్చర్ సీ6 తెచ్చుకున్నాను. రెండున్నర వేల లోపే అయింది.

ఇందులో రెండు బ్యాండ్లూ ఉన్నాయి. 2.4లో 300, 5లో 867 ఎంబీపీఎస్ అని డబ్బా మీద రాసి ఉంటుంది. రెండూ కలిపి ఏసీ1200 అంటారు. ఆ అంకెలు ఎవరింట్లోనూ అంతకంత రావు, వాటిని చూసి కొనకండి. లాన్ పోర్టులన్నీ గిగాబిట్‌వి. బయటికి నాలుగు యాంటెనాలు. నేను దీన్ని యాక్సెస్ పాయింట్ మోడ్‌లో పెట్టాను. అంటే ఫైబర్ బాక్సు దాని పని అది చేస్తుంది, దాని వైఫై మాత్రం ఆపేశాను. కేబుల్ వేసి ఆర్చర్‌కు కలిపితే వైఫై ఇవ్వడం దీని పని. కంపెనీవాళ్ల యూజర్‌నేమూ పాస్‌వర్డూ ఏమీ అడగదు, ఫైబర్ బాక్సు పనిని రూటర్‌కు అప్పగించే బ్రిడ్జ్ మోడ్ కోసం వాళ్లకు ఫోన్లు చేసే పని ఉండదు. టీపీ-లింక్‌వాళ్ల టెథర్ యాప్‌తో కాఫీ చల్లారేలోగా అయిపోయింది.

రెండు బ్యాండ్లకు వేరు వేరు పేర్లు పెట్టాను. పాఠం చెప్పే లాప్‌టాప్ 5 మీదే ఉంటుంది. టీవీ, పనిమనిషి ఫోను, వంటగదిలో మా అత్తగారి ట్యాబ్ 2.4 మీద. ఆదివారం వచ్చే పిల్లలకు గెస్ట్ నెట్‌వర్క్, అంటే అతిథుల కోసం వేరే పేరుతో ఉండే వైఫై, ఇచ్చాను. రూటర్ లోపలి సాఫ్ట్‌వేర్ (ఫర్మ్‌వేర్) అప్‌డేట్ చేసి, దాని సెట్టింగ్స్ తెరిచే అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చాకే మిగతా పనులు చూసుకోండి.

ఎక్కడ పెట్టారన్నది రూటర్ ఎంత మంచిదన్న దానికి తక్కువేమీ కాదు. పాత బాక్సు హాల్లో టీవీ వెనక, ఇనప బీరువా పక్కన ఉండేది, ఫైబర్ తీగ అక్కడికే వచ్చింది కాబట్టి. ఇనుము సిగ్నల్‌ను అడ్డుకుంటుంది. ఇప్పుడు పొడవాటి లాన్ కేబుల్ గోడ వెంట లాగి, హాలుకూ పాఠం గదికీ మధ్య నడవాలో, తల ఎత్తున చెక్క అరలో ఆర్చర్‌ను పెట్టాం. చుట్టూ గాలి ఆడుతుంది, వేడెక్కదు. 5 బ్యాండ్‌కు గోడలు దాటే శక్తి తక్కువ. ఇది ఏ కంపెనీ రూటర్‌కైనా ఉన్న సంగతే. వెనక వంటగది దాకా బలంగా రాదు, అక్కడ 2.4తో పని జరిగిపోతుంది.

ఇప్పుడు సాయంత్రం పింగ్ పెడితే రూటర్ జవాబు 2 నుంచి 5 మిల్లీసెకన్లలో వస్తోంది. బహ్రెయిన్‌లో ఉన్న అమ్మాయి, పాఠం మధ్యలో తెగి తెగి విసిగి మానేద్దామనుకున్న పిల్ల, ఇప్పుడు వర్ణం రెండు కాలాల్లో వాయిస్తోంది. నెట్ కుదురుకున్నాక జూమ్‌లో ఒరిజినల్ సౌండ్ ఫర్ మ్యుజీషియన్స్ అనే ఏర్పాటు కూడా ఆన్ చేశాను. అది లేకపోతే, నిలిపి లాగే కమాను నాదాన్ని యాప్ ఏదో ఫ్యాన్ చప్పుడు అనుకుని అణిచేస్తుంది. సంగీతం నేర్పేవాళ్లందరూ ఇది ఆన్ చేసుకోవాలి.

అందరికీ ఇదే కొనమని చెప్పను. ఇది వైఫై 5 రూటర్, ఆ ప్రమాణం 2013 నాటిది. 300 ఎంబీపీఎస్, ఆపై ప్లాన్ ఉండి, ఫోన్లూ లాప్‌టాప్‌లూ కొత్తవైతే ఇంకొంత పెట్టి వైఫై 6ది తీసుకోవడమే నయం. డూప్లెక్స్ ఇళ్లకు ఒక్క రూటర్ చాలదు, రెండు మూడు పెట్టెలు కలిసి ఒకే వైఫైగా పనిచేసే మెష్ చూసుకోవాలి. మాలాంటి మూడు గదుల ఫ్లాటుకు, 100 ఎంబీపీఎస్ ప్లాన్‌కు ఇది సరిగ్గా సరిపోయింది.

కరెంటు పోయినప్పుడు పాఠం ఆగకుండా మినీ యూపీఎస్ కూడా తీసుకున్నాను. దానికి ఫైబర్ బాక్సునూ రూటర్‌నూ రెండింటినీ కలపాలి, ఒక్కదానికి పెడితే లాభం లేదు. కొనే ముందు రెండు అడాప్టర్ల మీదా వోల్టులు చూసుకోండి. 9 వోల్టులవీ ఉంటాయి, 12 వోల్టులవీ ఉంటాయి. ద్వారకానగర్ వెళ్తే బాక్సు ఒక్కటే కాక అడాప్టరూ లాన్ కేబులూ కూడా సంచిలో వేసుకుని వెళ్లండి. మంచి షాపువాళ్లయితే అన్నీ అక్కడే తగిలించి, మీ ఎదురుగా పరీక్ష చేసి చూపిస్తారు.