4డి బేబీ ఫేస్ ప్యాకేజీ తీసుకునేవాళ్ళు దయచేసి ఇది చదవండి

పొద్దున ఎమ్మారై చేయించుకుని వచ్చా, ఇంకా వణుకు తగ్గలేదు, తప్పులుంటే ఏమీ అనుకోకండి. ఆ 4డి బేబీ ఫేస్ వాళ్ళు తెలుసుగా, కడుపులో బిడ్డ ముఖాన్ని స్కాన్ చేసి ఫోటో, వీడియో, ఫ్రేమ్ అన్నీ కలిపి ఇస్తారే, వాళ్ళే. 20వ వారం టిఫా (బిడ్డ అవయవాలన్నీ చూసే స్కాన్) నార్మల్ అన్నారు కదా అని 29వ వారంలో ముచ్చటపడి బుక్ చేసుకున్నా.

స్క్రీన్ మీద ముఖం రాగానే పై పెదవి దగ్గర చిన్న ద్రాక్షపండంత ఉబ్బు కనపడింది. అదేంటండీ అని స్కాన్ చేసేతన్ని అడిగా. "బొడ్డుతాడు మేడం, అందరికీ అడ్డొస్తుంది" అంటూనే మౌస్‌తో దాని చుట్టూ గీత గీశాడు, ఒక్క క్లిక్, అంతే, ఉబ్బు లేదు. నున్నటి ముఖం ప్రింట్ తీసి చేతిలో పెట్టాడు. మూడు వారాలు ఆ ఫోటోని ఫ్రిజ్ మీద పెట్టుకుని రోజూ చూసుకున్నానండీ.

32వ వారం గ్రోత్ స్కాన్‌లో ఉమ్మనీరు బాగా ఎక్కువుంది, దాని కొలత, అంటే ఇండెక్స్, 27. బిడ్డ సరిగ్గా మింగలేకపోతే కూడా నీరు ఇలా పెరుగుతుందట, అందుకని డాక్టరమ్మ నోటి దగ్గర చాలాసేపు చూశారు. తాడైతే బిడ్డ కదిలినప్పుడు పక్కకి జరుగుతుంది, ఇది ముఖంతోపాటే కదులుతోంది. పై చిగురు నుంచి వచ్చిన గడ్డ. ఎపులిస్ అయ్యుండొచ్చు అన్నారు, క్యాన్సర్ కాదు, పుట్టాక తీసేస్తారు, చివరి నెలల్లోనే బయటపడుతుంది కాబట్టి టిఫాలో కనపడకపోవడం మామూలే అన్నారు. ఎమ్మారైలో ఊపిరి దారి తెరిచే ఉంది, అది చెప్పాకే ఏడుపొచ్చింది నాకు. దారి మూసుకుపోయి ఉంటే ఆపరేషన్‌లో తల బయటికి తీసి, తాడు కోయకుండానే గొంతులో ట్యూబ్ వేయాల్సి వచ్చేదట, దానికి టీమ్ అంతా ముందే సిద్ధంగా ఉండాలి. ఎవరికీ తెలియకుండా మామూలుగా కాన్పుకి వెళ్ళుంటే?

గడ్డ ఎంత పెరిగిందో పోల్చడానికి పాత ఇమేజ్‌లు కావాలన్నారు, మా ఆయనా నేనూ మళ్ళీ అక్కడికే వెళ్ళాం. అతను తలెత్తకుండా "మీరు కొన్నది ఫోటో మేడం, రిపోర్ట్ కాదు, సంతకం పెట్టారుగా" అన్నాడు. నా బిడ్డ నోట్లో గడ్డని చెరిపేసి ఆ మాటన్నాడు! చూసింది నేనే, అడిగింది నేనే, తాడు అనగానే నమ్మి ఊరుకున్నదీ నేనే, అదే తట్టుకోలేకపోతున్నా. డబ్బు తిరిగివ్వనన్నారు, దాని సంగతి తర్వాత.

తీసుకోవాలనిపిస్తే తీసుకోండి, కానీ అది పై చర్మం చూపించే బొమ్మ మాత్రమే, స్కాన్ రిపోర్ట్ కాదు. పక్కనుంచి ముఖం, పెదవులు, కళ్ళు మామూలు 2డిలో డాక్టర్ చూసి రాసిచ్చిందే లెక్క. ఏ ఉబ్బు కనపడినా అప్పటికప్పుడు స్క్రీన్ ఫోటో తీసుకుని ఆ రోజే మీ డాక్టర్‌కి చూపించండి. ఎడిట్ చేయని ఇమేజ్‌లు ఇస్తారా అని ముందే అడగండి, ఇవ్వం అంటే బుక్ చేయొద్దు.