బడ్జెట్ విమానంలో పొడుగు కాళ్లకు ఏ వరుస మేలు?

హనుమకొండలోని మా ఇంటి హాల్లో కుర్చీని గోడకు జరిపి, వీపు గోడకు ఆనేలా నిటారుగా కూర్చుని, గోడ నుంచి మోకాలిచిప్ప ముందు భాగం వరకు బట్టలు కుట్టే టేపుతో కొలిపించుకున్నాను. మా మేనల్లుడు టేపు పట్టుకుని "అరవై మూడు, మామా" అన్నాడు. ఆరడుగుల మనిషినైన నేను బడ్జెట్ విమానాల్లో ఇన్నేళ్లుగా పడుతున్న అవస్థ అంతా ఆ 63 సెంటీమీటర్లలోనే ఉంది. టికెట్ కొనే ముందు ఎవరైనా తెలుసుకోవలసిన మొదటి అంకె ఇదే. ఏ విమాన సంస్థ మంచిదని అడిగితే పదిమంది పది పేర్లు చెబుతారు గానీ, ఈ కొలత దగ్గర పెట్టుకుంటే విమానం రకం, అందులోని వరుస అనే రెండు విషయాలను మనమే తేల్చుకోవచ్చు.

విమానయానంలో కాళ్ల జాగాను 'సీట్ పిచ్' అనే కొలతతో చెబుతారు. ఒక సీటులోని ఒక బిందువు నుంచి ముందు సీటులోని అదే బిందువు వరకు ఉన్న దూరం పిచ్. అంటే ముందు సీటు వీపు మందం కూడా ఇందులోనే కలిసి ఉంటుంది కాబట్టి పిచ్ మొత్తం మన కాళ్లకు దక్కుతుందనుకోవడం పొరపాటు. బడ్జెట్ విమానాల్లో సాధారణంగా ఇది 28 నుంచి 30 అంగుళాలు, అంటే 71 నుంచి 76 సెంటీమీటర్లు. 28 అంగుళాల వరుసలో నా 63 పోగా మిగిలే 8 సెంటీమీటర్లలోనే ముందు సీటు వీపు కూడా ఇమడాలి. 30 అంగుళాల వరుసలో మిగిలేది 13. వినడానికి తేడా రెండంగుళాలే అయినా, మోకాలు ప్లాస్టిక్‌కు ఆనుకుని ఉండడానికీ, ఆనకుండా ఉండడానికీ మధ్య ఉన్న తేడా అది. మీ కొలత 56, 57 దగ్గర ఉంటే ఈ గొడవలో సగం మీకు లేనట్టే.

ఎయిర్‌బస్ ఏ320లో మొదట్లో బడ్జెట్ సంస్థలు 30 వరుసల్లో 180 సీట్లు పెట్టేవి. ఇప్పుడు ఇండిగో వంటి సంస్థలు నడిపే, కొత్త ఇంజిన్ల రకమైన ఏ320 నియోల్లో 186 సీట్లు ఉంటున్నాయి. విమానం పొడవు పెరగకుండానే ఇంకొక వరుస ఎలా పట్టిందంటే, వెనక వంటగదినీ టాయిలెట్లనూ దగ్గరికి జరిపి, సీటు వీపును పలచగా చేసి పట్టించారు. పలచని వీపు వల్ల మోకాళ్లకు కొంత జాగా కలిసివచ్చిన మాట నిజమే. పత్రికలు పెట్టే జేబును మోకాలి ఎత్తు నుంచి తీసి ట్రే పైభాగానికి మార్చిన సీట్లయితే ఆ లాభం బాగానే తెలుస్తుంది. అయితే ఆ సీట్లలో కూర్చునే మెత్త కూడా పలచనే. మొదటి గంటలో తెలియదు గానీ, రెండో గంట దాటాక తుంటి దగ్గర ఇనుప చట్రం ఎక్కడుందో ఒళ్లే చెబుతుంది.

వెడల్పు సంగతికి వస్తే ఏ320, బోయింగ్ 737 రెండింటిలోనూ వరుసకు మూడు, మూడు చొప్పున ఆరు సీట్లే. కాకపోతే ఏ320 లోపలి వెడల్పు దాదాపు 3.70 మీటర్లు, 737ది దాదాపు 3.54 మీటర్లు. ఆ 16 సెంటీమీటర్లను ఆరుగురికి పంచితే సీటుకు ఇంచుమించు ఒక అంగుళం వస్తుంది. భుజాలు వెడల్పుగా ఉన్నవారికీ, నడుమ సీటు తప్పనివారికీ ఆ అంగుళం విలువైనదే. ఆకాశ ఎయిర్ నడిపేవన్నీ 737 మ్యాక్స్ విమానాలు. ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్‌లో 737లూ ఏ320లూ రెండూ ఉన్నాయి. ఇండిగో దేశీయ మార్గాల్లో ఎక్కువగా ఏ320, ఏ321లను, చిన్న ఊళ్లకు పంకాలతో నడిచే చిన్న విమానాలైన ఏటీఆర్‌లను నడుపుతుంది. టికెట్ కొనేటప్పుడు విమానం నంబరు పక్కన లేదా వివరాల్లో రకం రాసి ఉంటుంది. ధర, సమయం ఒకేలా ఉన్న రెండు విమానాల్లో ఒకటి 320, మరొకటి 737 అయితే నేను 320నే ఎంచుకుంటాను. ధరలో నాలుగైదు వందల తేడా ఉన్నప్పుడు మాత్రం ఒక్క అంగుళం కోసం అంత పెట్టను. ఆ డబ్బును వరుస మీద పెడతాను.

వరుసల్లో అదనపు సొమ్ము తీసుకుని ఇచ్చే ఎక్కువ జాగా సీట్లు రెండు చోట్ల ఉంటాయి. ఒకటి అన్నిటికన్నా ముందుండే మొదటి వరుస, రెండోది రెక్కల మీది ఎమర్జెన్సీ ఎగ్జిట్ వరుసలు. మొదటి వరుసలో ముందు సీటు ఉండదు కాబట్టి మన మోకాళ్ల మీదికి వాలేవారు ఉండరు, దిగేటప్పుడు అందరికన్నా ముందు బయటపడవచ్చు. కానీ ఎదురుగా అడ్డుగోడ ఉన్న విమానాల్లో కాలు ఆ గోడ వరకే చాచగలం. మామూలు వరుసలో పాదాలను ముందు సీటు కిందికి తోయడానికి ఉండే వీలు ఇక్కడ ఉండదు. నాలాంటివాడికి మోకాళ్లు హాయిగా ఉండి పాదాలు ముడుచుకోవలసి వస్తుంది. పైగా ట్రేను హ్యాండ్ రెస్ట్ లోపల మడిచి పెడతారు కనుక ఆ హ్యాండ్ రెస్ట్ పైకి లేవదు, దాని మందం వల్ల కూర్చునే వెడల్పు కొంచెం తగ్గుతుంది. విమానం లేచేటప్పుడూ దిగేటప్పుడూ చేతిసంచీ కూడా పైన అరలోకి వెళ్లవలసిందే. తొందరగా దిగి ఇంకో విమానం పట్టుకోవలసినవారికి ఈ వరుస పనికివస్తుంది. కేవలం కాళ్ల కోసమైతే దీనికి అడిగే ధర ఎక్కువేనని నా అభిప్రాయం.

ఎగ్జిట్ వరుసల్లో జాగా నిజంగా దక్కుతుంది, ఎందుకంటే ఆపదలో మనుషులు ఆ సందులోంచే బయటికి వెళ్లాలి. ఏ320లోనూ 737-800, మ్యాక్స్ 8 రకాల్లోనూ రెక్కల మీద ఒక్కో పక్క రెండేసి తలుపులు ఉంటాయి కాబట్టి ఇలాంటి వరుసలు పక్కపక్కనే రెండుంటాయి. డబ్బు కట్టే చాలామంది ఈ రెండూ ఒకటే అనుకుంటారు, కానీ ఒకటి కావు. ముందున్న ఎగ్జిట్ వరుస సీట్లు వెనక్కి వాలితే వెనకున్న తలుపు దారికి అడ్డం వస్తాయి కనుక వాటిని వాలకుండా బిగించి ఉంచుతారు. వెనకున్న ఎగ్జిట్ వరుసకు ఆ ఇబ్బంది లేదు, పైగా దాని ముందు సీటు మన మీదికి వాలదు. రెండిటికీ ఒకే ధర పెట్టినప్పుడు రెండోదే తీసుకోవాలి. సీట్ మ్యాప్‌లో వరుసలను లెక్కపెట్టుకుని చూస్తే ఏది ముందుదో, ఏది వెనకదో అర్థమవుతుంది. ముందు ఎగ్జిట్‌కు సరిగ్గా ముందున్న మామూలు వరుస కూడా చాలా విమానాల్లో వాలదు. అక్కడ అదనపు జాగా లేదు, వాలే సౌకర్యమూ లేదు. ఉచితంగా ఇచ్చినా దాన్ని మార్పించుకోవడం మంచిది.

ఈ వరుసకు నిబంధనలూ ఉన్నాయి. పిల్లలకు, చంటిబిడ్డతో వచ్చినవారికి, గర్భిణులకు, నడవడానికి ఒకరి సాయం కావలసినవారికి, సీటు బెల్టుకు అదనపు ముక్క కావలసినవారికి అక్కడ కూర్చునే అనుమతి లేదు. సిబ్బంది వచ్చి, ఆపదలో తలుపు తెరవడానికి సాయపడతారా అని అడుగుతారు, ఒప్పుకుంటేనే కూర్చోనిస్తారు. తలుపు బరువైనదే. డబ్బు కట్టాం కదా అని ఆ మాటను తేలిగ్గా తీసుకోకూడదు.

ఒకసారి నేను ఢిల్లీ వెళ్లే విమానంలో ఈ రెండో ఎగ్జిట్ వరుసనే ముందుగా కొనుక్కుని, ఆ రోజు కాళ్లకు సెలవు ఇచ్చినట్టేనని నిశ్చింతగా షంషాబాద్ చేరాను. తీరా ఎక్కి చూస్తే విమానం మారింది. 320కి బదులు 321 వచ్చింది. బోర్డింగ్ పాస్ మీద వరుస సంఖ్య అదే ఉంది గానీ, 321లో తలుపుల అమరిక వేరు కనుక ఆ సంఖ్య దగ్గర మామూలు వరుసే ఉంది. కట్టిన సీటు సొమ్ము వెనక్కి రావడానికి రెండు వారాలపాటు మెయిళ్లు రాయవలసి వచ్చింది. అప్పటినుంచి ప్రయాణానికి ముందు రోజు విమానం రకం మరోసారి చూసుకుంటున్నాను. మారితే ఇల్లు కదలకముందే ఫోన్ చేసి సీటు మార్పించుకోవచ్చు.

డబ్బు పెట్టని పక్షంలో మిగిలేవి మామూలు వరుసలు. వాటిలో నడవ పక్క సీటే పొడుగు మనిషికి మేలు. ఒక మోకాలినైనా నడవలోకి వాల్చుకోవచ్చు. అయితే టీ, నీళ్ల బండి వచ్చే చప్పుడు విని కాలు లోపలికి లాగాలి. లేకపోతే దాని అంచు సరిగ్గా మోకాలిచిప్పకే తగులుతుంది, నాకు తగిలింది. చివరి వరుసలు వాలవు, పైగా టాయిలెట్ క్యూ మన భుజం మీదే నిలబడుతుంది. సీటు జేబులోని పత్రికలూ నీళ్ల సీసా తీసి పక్కన పెడితే మోకాలికి ఒక వేలెడు జాగా వస్తుంది. చేతిసంచీని ముందు సీటు కింద కాక పైన అరలో పెడితే పాదాలకు పూర్తి జాగా దొరుకుతుంది. ముందువాళ్లు సీటు వాల్చినా, ఆ సీటు కింది భాగంలో ఉన్న మడత దగ్గర తిరుగుతుంది కాబట్టి మోకాలి ఎత్తులో తగ్గేది తక్కువే. ఎక్కువగా పోయేది ముఖం ముందు జాగా. అందుకని వాల్చినవారితో తగువు పెట్టుకోవడం కన్నా భోజనం వేళ కాసేపు నిలబెట్టమని అడగడం నయం.

ఇక ఎప్పుడు డబ్బు పెట్టాలన్నది ఊరును బట్టి ఉంటుంది. హైదరాబాద్ నుంచి ఢిల్లీకి గాలిలో ఉండేది రెండు గంటల పైచిలుకే. కాజీపేటలో తెలంగాణ ఎక్స్‌ప్రెస్ ఎక్కి పడుకుని వెళ్లే సుఖం ఏ విమాన సీటులోనూ రాదు గానీ, దానికి ఒక పగలూ ఒక రాత్రీ కావాలి. రెండు గంటలకు నేను నడవ సీటుతో సరిపెట్టుకుంటాను. గల్ఫ్ సంగతి వేరు. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ వైపు నుంచి పనికి వెళ్లేవారు దుబాయ్‌కి దాదాపు నాలుగు గంటలు, జెద్దాకు అంతకన్నా ఎక్కువసేపు కూర్చోవాలి. 4 గంటలకు మించి కదలకుండా కూర్చునే ప్రయాణంలో కాళ్ల సిరల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఇంచుమించు రెట్టింపవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో వెల్లడించింది. అది విమానానికే కాదు, కారుకూ బస్సుకూ రైలుకూ వర్తిస్తుంది. ఆరోగ్యవంతులకు ఆ ప్రమాదం మొదటే చాలా తక్కువ కాబట్టి బెదిరిపోనక్కర లేదు, కానీ మన లెక్కలో రోడ్డును కూడా కలపాలి. హనుమకొండ నుంచి ఘట్‌కేసర్ మీదుగా ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి షంషాబాద్ చేరేసరికే మూడు గంటలు కూర్చున్నాం. అందుకే గల్ఫ్ ప్రయాణానికి ఎగ్జిట్ వరుస డబ్బు దండగ కాదంటాను. అది దొరకకపోతే నడవ సీటు తీసుకుని గంటకోసారి లేచి నడవాలి.

బడ్జెట్ సంస్థ బదులు భోజనంతో కలిపి టికెట్ ఇచ్చే పెద్ద సంస్థలో వెళితే పిచ్ 31, 32 అంగుళాల వరకు దొరుకుతుంది. అక్కడ కూడా ఒక మెలిక ఉంది. వరుసకు 10 సీట్లు పెట్టిన బోయింగ్ 777ల్లో సీటు వెడల్పు సుమారు 17 అంగుళాలే, అంటే 737 సీటంతే. కాళ్లకు సుఖం, భుజాలకు లేదు. పెద్ద సంస్థ టికెట్ కన్నా బడ్జెట్ టికెట్, ఎగ్జిట్ సీటు, అదనపు లగేజీ కలిపిన మొత్తం ఎక్కువైన రోజున పెద్ద సంస్థే మేలు. లగేజీ ఎక్కువగా తెచ్చుకునే గల్ఫ్ తిరుగు ప్రయాణంలో ఇది తరచుగా జరుగుతుంది.

నా కొలతతో చెప్పిన ఈ తీర్పులేవీ మా అమ్మకు వర్తించవు. ఐదడుగుల మనిషి. ఆమెకు కాళ్ల జాగా ఎక్కువై బాధ. పాదాలు నేలకు ఆనక సీటు అంచు తొడల కింద నొక్కుతుంది. ఎగ్జిట్ వరుసలోనో మొదటి వరుసలోనో కూర్చోబెడితే కాళ్ల కింద సంచీ పెట్టుకోవడానికి కూడా ఉండదు. ఆమెకు మామూలు వరుసే హాయి. మోకాళ్ల నొప్పులున్న మా బాపుకు మాత్రం లేచి కూర్చోవడానికి అనువైన నడవ సీటు కావాలి. ఎగ్జిట్ వరుస ఆయన అడిగినా ఇవ్వరు, ఇవ్వకపోవడమే సరి.

వాళ్లిద్దరినీ తిరుపతి తీసుకువెళ్లినప్పుడు ఏటీఆర్ ఎక్కాం. 78 సీట్ల ఆ విమానంలో నడవకు రెండు పక్కలా రెండేసి సీట్లే కాబట్టి నడుమ సీటు అనే శిక్ష ఎవరికీ పడదు. ఎక్కే తలుపు వెనక ఉంటుంది, మెట్లు కొన్నే. ఈ సంగతి తెలిసి వెనక వరుసలో రెండు సీట్లు తీసుకున్నాను. బాపు నాలుగడుగుల్లో కూర్చున్నాడు, అమ్మ ప్రసాదం కోసం తెచ్చుకున్న ఖాళీ సంచీని మడిచి పాదాల కింద పెట్టుకుంది. నేను పక్క వరుసలో మోకాళ్లు నడవలోకి వాల్చుకుని కూర్చున్నాను.