ఎడిటర్‌కి డబ్బులివ్వడం దండగేనా? సొంతంగా మూడు పుస్తకాలు వేసుకున్నాక నా రివ్యూ

ముందే చెప్పేస్తున్నా, నేను పేరున్న రచయితనేం కాదు. మాది భద్రాచలం, పగలు ఉద్యోగం చేసుకుని రాత్రిళ్లు రాసుకునే బాపతు. 2018లో ఒకటి, 2021లో ఒకటి, 2024లో ఒకటి, మొత్తం మూడు పుస్తకాలు సొంత డబ్బుతో వేశాను. మొదటిదానికి ఎడిటర్ లేరు, మిగతా రెండింటికీ ఉన్నారు. పుస్తకం వేద్దామనుకుంటున్న వాళ్లు "ఎడిటింగ్‌కి అంత ఖర్చు పెట్టాలా అన్నా" అని అడుగుతూనే ఉంటారు కాబట్టి నాకు పడ్డ దెబ్బలూ కలిసొచ్చినవీ ఉన్నదున్నట్టు రాస్తున్నా.

మొదటి నవలలో హీరో పేరు రాము. అంతా అయిపోయి, తెల్లారితే డీటీపీకి, అంటే కంప్యూటర్‌లో పేజీలు కట్టడానికి, ఇవ్వాలనగా, మా తమ్ముడు "ఏంటన్నా రాము, పాత సినిమాలో లాగా" అన్నాడు. నాకూ నిజమే అనిపించి ఫైండ్ అండ్ రీప్లేస్ కొట్టి రామునంతా శ్రీను చేసేశాను. పది సెకన్ల పని. ఆ పది సెకన్లలో "గ్రాము"లో దాక్కున్న రాము కూడా శ్రీను అయిపోయాడు, రాములవారి గుడి శ్రీనులవారి గుడి అయింది. ప్రూఫు చూసేటప్పుడు గుండె ఆగినంత పనై వెతికి వెతికి అన్నీ సరిచేశాననుకున్నాను, 112వ పేజీలో ఒకటి మాత్రం నా కన్నుగప్పింది. శ్రీరామనవమి ఘట్టం, పందిట్లో జనం, తలంబ్రాలు, అంతా బాగా వర్ణించి చివర్లో "సీతాశ్రీనుల కల్యాణం" అని అచ్చయింది. ఐదొందల కాపీల్లో. భద్రాచలంలో ఉంటూ!

అదైనా నవ్వుకునే తప్పు. నవ్వురానిది ఇంకోటుంది. రెవెన్యూలో చేసి రిటైరైన ఒక పెద్దాయన పుస్తకం చదివి ఫోన్ చేశారు. "బాబూ, బాగానే రాశావు గానీ, 78లో మీవాడు మండలాఫీసుకి ఎలా వెళ్లాడు? మండలాలొచ్చింది 85లో కదా, అప్పుడు తాలూకా. కరణాల్నీ మునసబుల్నీ తీసేసింది కూడా 84లోనే, మరి నీ ఊళ్లో కరణమే లేడేంటయ్యా?" అన్నారు. ఆ నవల మొత్తం ఒక పొలం కాగితం చుట్టూ తిరుగుతుంది. ఆ కాగితం ఊరి భూముల లెక్కలు రాసే కరణం ఇంట్లో ఉండాల్సింది, నేను తీసుకెళ్లి అప్పటికి పుట్టని ఆఫీసు బీరువాలో పెట్టాను. అంటే కథ కీలే తప్పన్నమాట. ఆయన మర్యాదగా చెప్పారు కాబట్టి సరిపోయింది, నేనైతే ఫోన్ పెట్టేశాక చాలాసేపు ఎవరితోనూ మాట్లాడలేదు.

అచ్చుకి ముందు ఆ రాతప్రతిని ఎవరూ చదవలేదా అంటే పదకొండు మంది చదివారు. అందరూ స్నేహితులే, అందరూ "సూపర్" అన్నారు. వాళ్ల తప్పు లేదు, మొహమాటం. వెనకటికి కథ పత్రికకి పంపితే ఆ సబ్ఎడిటరెవరో మన మొహం చూడకుండానే తిప్పి కొట్టేవాడు, లేదా నాలుగు పేరాలు కోసి వేసేవాడు, తిట్టుకుంటూనే నేర్చుకునేవాళ్లం. ఇప్పుడు ఫేస్‌బుక్‌లో పెట్టి, లైకులు లెక్కపెట్టుకుని, నేరుగా ప్రెస్సుకి వెళ్తున్నాం, మధ్యలో "ఇది బాలేదు" అనే మనిషే లేడు. నేను డబ్బులిచ్చి తెచ్చుకున్నది ఆ మనిషినే. స్పెల్లింగులు దిద్దించుకోవడానికి ఎడిటర్‌ని పెట్టుకున్నాననుకుంటారు చాలామంది. శత్రువుని "శతృవు" అని, ప్రాథమికాన్ని "ప్రాధమికం" అని రాస్తే దిద్దడానికి మంచి ప్రూఫ్ రీడర్ చాలు, ఆ ఖర్చు వేరే, ఆ పని వేరే.

రెండో పుస్తకం 1986 గోదావరి వరద మీద నవల. ఈసారి బుద్ధి తెచ్చుకుని ముందే ఒక ఎడిటర్‌ని పట్టుకుని మూడు వేలు అడ్వాన్సు ఇచ్చాను. అరవై పేజీలు చేసి పంపారు. చూస్తే, మా ఊరి మనుషులంతా రేడియో వార్తలు చదువుతున్నట్టు మాట్లాడుతున్నారు! "ఎటు పోయిండు" అన్నచోట "ఎక్కడికి వెళ్లాడు", "ఏందిరా" అన్నచోట "ఏమిటిరా". పడవ నడిపే మనిషి చేత "దయచేసి కూర్చోండి" అనిపించారు. ఇదేంటండీ అంటే పాఠకులందరికీ అర్థం కావాలి కదా అన్నారు. అడ్వాన్సు వదులుకుని బయటపడ్డాను. అప్పట్నుంచి ఎవరికైనా ఇదే చెప్తున్నా, మొత్తం పుస్తకం ఇచ్చేముందు పది పేజీలు శాంపిల్ చేయించుకోండి, అందులో సంభాషణలున్న పేజీలు తప్పకుండా ఉండాలి, ఆ పది పేజీలకి డబ్బులివ్వాల్సొచ్చినా ఇచ్చేయండి.

తర్వాత దొరికినావిడ ఒక పత్రికలో ఏళ్లపాటు డెస్కులో పనిచేసినావిడ. ఏ4లో 190 పేజీల రాతప్రతి, పేజీకి 50 చొప్పున 9,500 తీసుకున్నారు. నాకు అది పెద్ద మొత్తమే. నెలన్నర తర్వాత ఫైల్ వచ్చింది, తెరిచి చూస్తే ఎర్ర గీతలు తక్కువే, పక్కన ప్రశ్నలే ప్రశ్నలు. సుబ్బారావు, సుబ్బయ్య, సుబ్రహ్మణ్యం ముగ్గురూ ఒకే ఇంట్లో ఉంటే చదివేవాళ్లు ఎవరెవరో ఎలా గుర్తుపెట్టుకోవాలి అని ఒకటి. "ఒక్కసారిగా" అన్న మాట 87 సార్లు వాడారు, చూసుకోండి అని ఒకటి (నేను నమ్మక లెక్కపెట్టుకున్నా, నిజంగానే 87). వరదకి వారం ముందు ఊరంతా సర్పంచి ఇంట్లో టీవీ ముందు కూర్చుని రామాయణం సీరియల్ చూస్తున్నట్టు రాశాను. దానికెదురుగా, "వరద 1986 ఆగస్టులో, సీరియల్ మొదలైంది 1987 జనవరిలో కదా?" అని ఉంది. భద్రాచలం దగ్గర నీళ్లు 75.6 అడుగులకొచ్చాయని ఒకచోట సరిగ్గానే రాసి, ఇంకోచోట ముసలాయన నోట "యాభై అడుగులు దాటలా" అనిపించాను. మూడో ప్రమాద హెచ్చరికే 53 అడుగులకి ఇస్తారు, ఆ వరద చూసిన ఊళ్లో పుట్టి నేను రాయాల్సిన మాటేనా అది? మండలాఫీసు తర్వాత కూడా నేను మారలేదన్నమాట.

అన్నిటికన్నా పెద్ద ప్రశ్న చివర్లో ఉంది. "కథ మూడో అధ్యాయంలో మొదలవుతోంది. మొదటి రెండూ ఎందుకు?" ఆ రెండు అధ్యాయాలు రాయడానికి నాకు ఎనిమిది నెలలు పట్టింది. మా తాతగారి ఊరు, ఆ రేవు, ఆ చింతచెట్టు, అన్నీ అందులోనే ఉన్నాయి. నాలుగు రోజులు ఆవిడ ఫోన్ చేసినా నేను ఎత్తలేదు. ఐదో రోజు అన్నం తింటూ మా ఆవిడతో అంటే, "నేనూ అవి దాటేసే చదివానండీ, మీరు బాధపడతారని చెప్పలేదు" అంది. తీసేశాను. చింతచెట్టుని మాత్రం ఏడో అధ్యాయంలోకి తెచ్చి నాటాను, అక్కడ బాగానే బతికింది.

దీంట్లో డబ్బు లెక్క కూడా ఉంది, ఎవరూ చెప్పరు. ఈ వరద నవల రాతప్రతిని దిద్దకుండా అలాగే వేస్తే డెమీ సైజులో (మామూలు నవల సైజు) 240 పేజీలొచ్చేది, ఎడిటింగ్ అయ్యాక 208కి దిగింది. ప్రెస్సులో పదహారు పేజీలు కలిపి ఒక ఫారంగా అచ్చేస్తారు, ఆ లెక్కన రెండు ఫారాలు తగ్గాయి. ఐదొందల కాపీలకి ఆ కాగితం, ఆ ప్రింటింగ్ మిగిలాయంటే, ఆవిడకిచ్చిన దాంట్లో కొంత అక్కడే వెనక్కొచ్చినట్టు.

ఇంకో సంగతి, ఎడిటింగ్ డీటీపీకి ముందే పూర్తిగా అయిపోవాలి. పేజీలు కట్టాక మార్పులంటే ఆపరేటర్‌కి విసుగు, మనకి అదనపు బిల్లు, పైగా మనం టైపు చేసిన యూనికోడ్ ఫైల్ డీటీపీ వాళ్లు వాడే "అను" ఫాంట్‌లోకి మారేటప్పుడు కొన్ని ఒత్తులు ఎగిరిపోతాయి, వాటి మీద మళ్లీ దిద్దుబాట్లు చేస్తే ఒకటి సరిచేసేలోపు పక్కలైన్లో ఇంకోటి పుడుతుంది. అందుకే ఆఖరి ప్రూఫు కాగితం మీద, ప్రింట్ తీసుకుని చూడాల్సిందే. రెండో పుస్తకానికి లోపలంతా అంత శ్రద్ధగా చేసి, వెనక అట్ట ఎవరికీ చూపించలేదు. అక్కడ నా ఫొటో కింద "రచియత" అని పడింది.

పుస్తకం మొత్తం వేసిపెడతామనే ప్యాకేజీల వాళ్ల గురించి ఒక్క మాట. ఎడిటింగ్, కవర్, ఐఎస్‌బీఎన్ అన్నీ కలిపి ఇంత అంటారు. ఐఎస్‌బీఎన్ అంటే పుస్తకానికిచ్చే గుర్తింపు నంబరు, మన దేశంలో ప్రభుత్వం ఉచితంగానే ఇస్తుంది. ఇక ఎడిటింగ్ ఎవరు చేస్తారండీ అని నేనడిగితే పేరు చెప్పలేదు, శాంపిల్ అడిగితే మళ్లీ ఫోనే రాలేదు.

మూడోది కథల సంపుటి, మళ్లీ ఆవిడే. ఈసారి ఇబ్బంది ఆలస్యం. రెండు నెలలన్నది నాలుగు నెలలైంది, హైదరాబాద్ బుక్ ఫెయిర్‌కి అందుతుందనుకున్న పుస్తకం అందలేదు. కోపమొచ్చింది, ఇప్పటికీ కొంచెం ఉంది. పద్నాలుగు కథలిస్తే మూడు పక్కన పెట్టమన్నారు. రెండు తీసేసి ఒకటి మాత్రం పట్టుబట్టి ఉంచాను. చదివినవాళ్లలో ఎక్కువమంది మెచ్చుకున్నది ఆ కథనే, ఆ మాట ఆవిడకి రెండుసార్లు ఫోన్ చేసి మరీ చెప్పాను. ఎడిటర్ చెప్పిందల్లా చేయక్కర్లేదు. కాకపోతే "ఎందుకు చేయను" అన్నదానికి మన దగ్గర జవాబుండాలి, ఆ ఒక్క కథకే నా దగ్గర ఉంది.

కవిత్వానికి ఇదంతా ఎంతవరకు పనికొస్తుందో నేను చెప్పలేను, నేను రాయను. ఇంట్లోవాళ్లకి, బంధువులకి పంచడానికి యాభై కాపీలు వేసుకునే వాళ్లకైతే ప్రూఫ్ రీడర్ సరిపోతాడు, ఆ తొమ్మిది వేలతో మంచి కాగితం కొనుక్కోండి. అమ్మాలనుకుంటే మాత్రం పెట్టాల్సిందే, ముఖ్యంగా నవలకి.

మొదటి నవల రెండో ముద్రణ వేయమని ఈమధ్య ఒకరిద్దరు అడుగుతున్నారు. మంచం కింద ఇంకా 160 కాపీలున్నాయి. ఎవరైనా కావాలంటే 112వ పేజీ తీసి, పెన్నుతో "శ్రీను" కొట్టేసి పైన "రాము" అని రాసి ఇస్తున్నాను. మండలాఫీసుని పెన్నుతో దిద్దలేం కదా, అది అలాగే ఉంది.