రాత్రంతా పాలు వెచ్చగా ఉంచే మెషిన్ కొంటున్నారా? మా బాబుకు జరిగింది చదివి కొనండి

తిరుపతి, చిత్తూరు చుట్టుపక్కల చంటిపిల్లలున్న అందరికీ చెప్తున్నాను. డబ్బా పాలు కలిపి పెడితే తెల్లవార్లూ వెచ్చగా ఉంచుతుందని ఎవరైనా మెషిన్ అమ్మజూపితే దయచేసి తీసుకోకండి. ఇప్పటికే తీసుకుని ఉంటే, కలిపిన పాలను అందులో గంటల తరబడి ఉంచకండి. మేము ఐదు రాత్రులు అలా చేశాం. ఆరో రాత్రి నాలుగు గంటలకు బాబును ఎత్తుకుని ఆసుపత్రికి పరిగెత్తాం.

నాకు ఆపరేషన్ చేసి బాబును తీశారు. పాలు సరిగా పడలేదు. బాబు బరువు పెరగడం లేదని పిల్లల డాక్టరు చూసి, రొమ్ము పాలు ఇస్తూనే పైన డబ్బా పాలు పట్టమన్నారు. మా ఆయనకు శ్రీసిటీలో నైట్ షిఫ్టు. రాత్రి పది, ఒంటిగంట, నాలుగు... మూడు సార్లు నేనే లేవాలి. నీళ్ళు కాచి, చల్లార్చి, పొడి కలిపేసరికి వాడు గుక్కపెట్టి ఏడ్చేవాడు. మూడో నెల వచ్చేసరికి నిద్ర లేక నా తల పనిచేయడం మానేసింది. అలాంటప్పుడు ఎవరైనా సులువైన దారి చూపిస్తే ఎందుకు కాదంటాం?

డైపర్ల కోసం టౌన్లో పిల్లల సామాన్ల షాపుకు వెళ్ళాం. నా ముఖం చూసే షాపతనికి అర్థమైనట్టుంది. "రాత్రి పదికి మూడు సీసాలు కలిపి ఇందులో పెట్టేయక్కా. నలభై అయిదు డిగ్రీల్లో పొద్దున దాకా అట్లే ఉంటాయి. లేసి తాపడమే. చానామంది తీస్కపోతా ఉండారు" అన్నాడు. మెషిన్ 2,400 రూపాయలు. పాలపొడి డబ్బాలు రెండు తీసుకుంటే 300 తగ్గిస్తానన్నాడు. తీసుకున్నాం.

ఐదు రాత్రులు నిజంగానే హాయిగా గడిచాయి. ఆరో రాత్రి ఒంటిగంట పాలు తాగాక వాడు మామూలుగానే పడుకున్నాడు. మూడు గంటలప్పుడు ఒక్కసారిగా కక్కేశాడు. పాలు ఎక్కువై ఉంటాయి, కాసేపట్లో తగ్గుతుందిలే అని మా అత్తమ్మ భుజాన వేసుకుని తిప్పారు. ఆ తర్వాత నీళ్ళలాగా విరేచనాలు. నాలుగుకు ఒళ్ళు వాలిపోయింది, ఏడుపు కూడా సన్నగా వస్తోంది. పక్కింటి అన్న ఆటో తీస్తే వెళ్ళాం. రెండు రోజులు సెలైన్ మీద ఉంచారు.

డాక్టరు మొదట అడిగింది ఒక్కటే: "పాలు ఎప్పుడు కలిపారమ్మా?" పదింటికి కలిపి మెషిన్లో పెట్టామని చెప్పాను. ఆయన చెప్పింది నాకు అర్థమైనంతలో రాస్తున్నాను. 

పాలపొడి చూడ్డానికి ఎంత శుభ్రంగా ఉన్నా అది సూక్ష్మక్రిములు అస్సలు లేని వస్తువు కాదట. ఫ్యాక్టరీలో సీలు వేసిన డబ్బాలో కూడా క్రోనోబాక్టర్, సాల్మొనెల్లా లాంటివి కొద్దిగా ఉండే అవకాశం ఉంది. పొడిగా ఉన్నంతసేపూ అవి పెరగవు. నీళ్ళు తగిలి, గోరువెచ్చగా గంటల కొద్దీ ఉంటే పెరుగుతాయి. మనం పెరుగు తోడు పెట్టేది కూడా గోరువెచ్చటి పాలల్లోనే కదా, అదే వేడిలో చెడ్డ క్రిములూ పెరుగుతాయి అన్నారాయన. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో ఇచ్చిన సూచనల్లో పొడి కలిపే నీళ్ళు 70 డిగ్రీలకు తగ్గకూడదని, కలిపిన పాలు రెండు గంటల్లోపు వాడేయాలని ఉంది. రెండు నెలలలోపు పిల్లలకు, నెలలు నిండకుండా పుట్టినవాళ్ళకు, రోగనిరోధక శక్తి తక్కువున్నవాళ్ళకు ఈ ప్రమాదం ఎక్కువ. "మీ మెషిన్ వల్లే వచ్చిందని టెస్టు చేయకుండా నేను చెప్పలేను. కానీ ఈ పద్ధతి మాత్రం ఈ రోజే ఆపేయండి" అన్నారు.

ఇంటికొచ్చాక వంటింటి థర్మామీటరు ఒకటి కొని చూశాను. మెషిన్ మీద 45 అని చూపిస్తోంది, సీసాలో నీళ్ళు అరగంట తర్వాత కూడా 37 దగ్గరే ఉన్నాయి. 70 పెట్టి చూస్తే 58 దాటలేదు. మాది బోరు నీళ్ళు కాబట్టి అప్పటికే లోపల ప్లేటు మీద తెల్లటి సున్నపు పొర పట్టింది. దానివల్లే వేడి తగ్గిందో, మొదటి నుంచీ అంతేనో తెలియదు. అట్టపెట్టె తిప్పి చూస్తే తయారుచేసినవాళ్ళ పేరు లేదు, దిగుమతి చేసినవాళ్ళ చిరునామా లేదు, తయారైన నెల, సంవత్సరం లేవు, ఫిర్యాదుకు ఫోన్ నంబరు లేదు. ప్యాకింగ్ మీద ఇవన్నీ ఉండాలని తూనికలు, కొలతల చట్టం చెప్తోంది. కొన్న రోజు అవి వెతకాలని నాకు తోచలేదు.

ఆ 300 తగ్గింపు సంగతి కూడా చెప్పాలి. రెండేళ్ళలోపు పిల్లల పాలపొడికీ పాలసీసాలకూ ప్రచారం చేయడం, ఉచితంగా శాంపిళ్ళు, బహుమతులు ఇవ్వడం, కొనిపించడానికి ఆశ చూపడం మన దేశంలో నిషేధం. 1992లో చట్టం వచ్చింది, 2003లో సవరించి ఇంకా గట్టిగా చేశారు. డబ్బా కొంటే ఇది ఫ్రీ, రెండు కొంటే అది తక్కువ అని ఎవరైనా అంటే ఆ షాపు నుంచి బయటికి వచ్చేయండి.

మెషిన్ వాపసు ఇవ్వబోతే షాపతను "వాడిన వస్తువు తీసుకోం" అన్నాడు. ఆసుపత్రి సంగతి చెప్తే "డాక్టర్లు అట్లనే భయపెడతార్లేక్కా" అన్నాడు. ఆ మాటకు నాకు ఇప్పటికీ కడుపు మండుతోంది. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాం. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాం. 5 లక్షల లోపు వస్తువుకు అక్కడ ఫీజు లేదు, రెండేళ్ళలోపు వేయాలి. నా దగ్గర బిల్లు ఉంది కాబట్టి ఇవన్నీ చేయగలుగుతున్నాను. చేతిరాత చీటీ ఇస్తే ఒప్పుకోకండి.

మరి రాత్రిపూట ఎలా చేస్తున్నానో చెప్తాను, ఎందుకంటే నిద్రలేని బాధ నాకు తెలుసు.

మంచి స్టీలు ఫ్లాస్కు ఒకటి బాబుకు మాత్రమే పెట్టుకున్నాం. పడుకునే ముందు నీళ్ళు బాగా తెర్లించి, ఫ్లాస్కు అంచుదాకా నింపి గట్టిగా మూత పెడతాను. సగం నింపితే త్వరగా చల్లారుతుంది. క్యాన్ నీళ్ళైనా, ఫిల్టర్ నీళ్ళైనా కాచాల్సిందే. మొదటి రెండు రాత్రులు నాలుగింటికి థర్మామీటరు పెట్టి చూశాను, 70 పైనే ఉంది. మీ ఫ్లాస్కునూ ఒకసారి అలా చూసుకోండి. ఉడికించిన సీసాలు మూతలతో సహా సిద్ధంగా ఉంటాయి. ఒక్కో విడతకు సరిపడా పొడి, శుభ్రమైన, తడిలేని డబ్బాల్లో ముందే కొలిచి పెడతాను.

లేవగానే ముందు నీళ్ళు, తర్వాత పొడి. స్కూపు ఆ డబ్బాలో వచ్చినదే, అంచుకు సమంగా గీసి వేయాలి, ఒత్తి నింపకూడదు. నీళ్ళు ఎక్కువ పోస్తే తేలిగ్గా అరుగుతుందని పెద్దవాళ్ళు అంటారు, వినకండి. బిడ్డకు బలం తగ్గుతుంది. కొన్ని డబ్బాల మీద నీళ్ళు గోరువెచ్చగా అయ్యాక కలపమని ఉంటుంది. అప్పుడు మీ డాక్టరును అడిగి చేయండి. మాకు మాత్రం 70 డిగ్రీలే అన్నారు.

కలిపిన వెంటనే చల్లార్చాలి కదా. ఎండాకాలంలో మన ఊళ్ళో ట్యాంకు నీళ్ళు అర్ధరాత్రి కూడా వెచ్చగానే వస్తాయి. అందుకని మా అత్తమ్మ కుండలో నీళ్ళు స్టీలు గిన్నెలో పోసి మంచం పక్కన పెడతారు. సీసాను మూత మునగకుండా అందులో తిప్పితే మూడు నాలుగు నిమిషాల్లో పట్టే వేడికి వస్తుంది. మణికట్టు లోపలి వైపు రెండు చుక్కలు వేసుకుని చూసి పడతాను. మొత్తం ఆరేడు నిమిషాలు. వాడు తాగి మిగిల్చిన పాలు ఎంతున్నా పారబోస్తాను, మళ్ళీ వేడి చేసి పట్టను.

చంటిబిడ్డ కక్కుతూ, విరేచనాలు అవుతూ, పాలు వద్దని ముఖం తిప్పుకుంటే, జ్వరం వచ్చినా, ఒళ్ళు వాలిపోయినా తెల్లారేదాకా చూడకండి. మేము ఆ రాత్రి మూడు నుంచి నాలుగు దాకా ఇంట్లోనే తిప్పుకుంటూ కూర్చున్నాం. ఆ ఒక్క గంట ఇంకా నా కళ్ళముందు ఉంది.