సామూహిక మేధస్సు, ఆన్‌లైన్ వ్యాపారం: చదివిన మూడేళ్ళకు నా సమీక్ష

తిరుపతిలో ఎం.బి.ఏ. చదివే రోజుల్లో సామూహిక మేధస్సునూ (చాలామంది అంచనాలూ ఆలోచనలూ కలిస్తే ఒక్కరికంటే మెరుగైన జవాబు రావడం) ఆన్‌లైన్ వ్యాపారాన్నీ కలిపి బోధించే ఐచ్ఛిక పాఠ్యాంశాన్ని రెండు సెమిస్టర్లు చదివాను. పట్టా అందుకుని మూడేళ్ళయింది. శ్రీకాళహస్తి కలంకారీ దుపట్టాలను ఇంటర్నెట్‌లో అమ్ముతూ ఆ చదువును రోజూ వాడుతున్నాను కనుక, దాని మంచిచెడ్డలు ఇప్పుడు చెప్పగలను.

నాకు అన్నిటికంటే ఉపయోగపడినది మొదటి నెలలో చేసిన ప్రయోగం. 1906లో ఇంగ్లండ్‌లోని ప్లిమత్‌లో, కోసి శుభ్రం చేశాక ఎద్దు ఎంత తూగుతుందో చెప్పే పోటీ జరిగింది. అందులోని 787 చీటీలను పరిశీలించిన బ్రిటిష్ శాస్త్రవేత్త ఫ్రాన్సిస్ గాల్టన్, వాటి మధ్యగతం (అంకెలను వరుసగా పేరిస్తే సరిగ్గా మధ్యలో వచ్చేది) 1,207 పౌన్లనీ అసలు బరువు 1,198 పౌన్లనీ చూపించాడు. మా అధ్యాపకురాలు ఈ సంగతి చెప్పి ఊరుకోలేదు. గంపెడు తోతాపురి కాయలు తెప్పించి, బరువును ఎవరికి వారు అంచనా వేసి చీటీల మీద రాయమన్నారు. మా మధ్యగతం అసలు బరువుకు చాలా దగ్గరగా వచ్చింది. మరుసటి వారం మరో గంప పెట్టి పైకి చెప్పమన్నప్పుడు, మామిడి తోటలున్న మిత్రుడు మొదట చెప్పిన అంకె చుట్టూనే అందరమూ తిరిగాము. అతడు పొరబడ్డాడు, అతనితోపాటు తరగతంతా పొరబడింది.

ఏ డిజైన్ గీయించాలో తేల్చుకోవడానికి మొదట్లో నేను పాత కొనుగోలుదారుల వాట్సాప్ గ్రూపులో అడిగేదాన్ని. ఒకామె నెమళ్ళంటే తక్కినవారూ నెమళ్ళే అనేవారు, తీరా తయారయ్యాక కొనేవారు కారు. బట్టను కరక్కాయ, పాలు కలిపిన నీటిలో నానబెట్టడం మొదలు వెదురు కలంతో గీయడం, రంగులద్దడం, మళ్ళీమళ్ళీ ఉతకడం వరకు ఎంతో పని ఉన్న కళ ఇది. ఎంపిక తప్పితే చిత్రకారుల శ్రమ బీరువాలో మిగిలిపోతుంది. మామిడి గంప గుర్తుకొచ్చి, ఒకరి జవాబు మరొకరికి కనబడని ఫారం పంపడం మొదలుపెట్టాను. జీవవృక్షం డిజైనుకు అంతమంది ఇష్టులున్నారని అప్పుడే తెలిసింది.

తెలుగు వికీపీడియాలో వ్యాసం రాయించిన అభ్యాసమూ మంచిదే. మూలం లేని వాక్యాన్ని అపరిచితులు తొలగించినప్పుడు కోపం తెచ్చుకోకుండా చర్చ పేజీలో కారణం అడగడం అక్కడే నేర్చుకున్నాను.

వ్యాపార భాగం మాత్రం బలహీనం. వెబ్‌సైటు, ప్రకటనలు, ధర నిర్ణయం చెప్పారు గానీ రిటర్నుల గురించి ఒక్క గంటైనా చెప్పలేదు. సహజ రంగుల ఎరుపు ఫోనులో ఒకలా, చేతికొచ్చాక మరోలా ఉంటుంది. క్యాష్ ఆన్ డెలివరీ పార్సెల్‌ను తీసుకోకపోతే రానుపోను కొరియర్ ఖర్చు నాదే. మొదటి ఏడాది లాభం చాలావరకు ఇలాగే పోయింది.

మూల్యాంకనం మీదా నాకు అభ్యంతరముంది. సభ్యులందరూ దాదాపు సమానంగా మాట్లాడే బృందాలు మెరుగ్గా పనిచేస్తాయని 2010లో అనితా వూలీ బృందం ప్రచురించిన పరిశోధనను మాకు శ్రద్ధగా బోధించారు. ప్రాజెక్టు మార్కులు మాత్రం వేదికెక్కి మాట్లాడినవారికే ఎక్కువగా వేశారు. మా బృందంలో లెక్కలన్నీ చూసిన అమ్మాయికి అందరికంటే తక్కువ వచ్చాయి.

ఇన్ని లోపాలున్నా, మళ్ళీ చేరే అవకాశముంటే ఇదే ఎంచుకుంటాను. గత నెలలో నా రిటర్నుల ఖాతా పుస్తకం నకలు తీసి అధ్యాపకురాలికి ఇచ్చి వచ్చాను. వచ్చే బ్యాచ్‌కు దాన్నే పాఠంగా చెబుతానన్నారు.