పాత పెట్రోల్ పికప్ ఐడ్లింగ్ సమస్యలకు వాక్యూమ్ గేజ్: దీర్ఘకాల వాడకం తర్వాత సమీక్ష

ఫ్యూయెల్ ఇంజెక్షన్ ఉన్న పాత ఆరు సిలిండర్ల పెట్రోల్ పికప్‌ను నేను చాలా ఏళ్లుగా నడుపుతున్నాను. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు ఇంజన్ వణికినా, ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజన్ తిరిగే చుట్లు) పైకీ కిందికీ ఊగినా, గేరులో వేయగానే బండి ఆగిపోయినా నేను మొదట తగిలించేది వాక్యూమ్ గేజ్, అంటే ఇంజన్ గాలిని లాగే బలాన్ని ముల్లుతో చూపే మీటరు. అమెరికాలో కార్లకూ తేలికపాటి ట్రక్కులకూ 1996 మోడళ్ల నుంచి ఓబీడీ-2 (బండి లోపాలను కోడ్‌లుగా చెప్పే ఏర్పాటు) తప్పనిసరి అయింది. అంతకుముందు బళ్లలోని కంప్యూటర్ చెప్పే కోడ్‌లు తక్కువ, వాటిలో ఐడ్లింగ్‌కు, అంటే యాక్సిలరేటర్ తొక్కనప్పుడు ఇంజన్ ఊరికే తిరిగే స్థితికి, పనికొచ్చేవి ఇంకా తక్కువ. అలాంటి బండికి ఈ చిన్న పరికరం చేసే మేలు ఎంతో, అది చేయలేని పని ఏమిటో వాడకంలో నాకు స్పష్టంగా తెలిసింది.

ఇంజన్ ఐడ్లింగ్‌లో ఉన్నప్పుడు గాలిని అదుపు చేసే తలుపు, అంటే థ్రాటిల్, దాదాపు మూసి ఉంటుంది; పిస్టన్లు గాలిని లాగుతూనే ఉంటాయి కాబట్టి సిలిండర్లకు గాలిని పంచే గొట్టాల సముదాయమైన ఇన్‌టేక్ మ్యానిఫోల్డ్‌లో గట్టి వాక్యూమ్ ఏర్పడుతుంది. ఆరోగ్యంగా ఉన్న మామూలు ఇంజన్‌లో, సముద్ర మట్టం దగ్గర, ఇది 17 నుంచి 21 అంగుళాల పాదరసం (వాక్యూమ్‌ను కొలిచే ప్రమాణం) మధ్య నిలకడగా ఉండాలి. ప్రతి వెయ్యి అడుగుల ఎత్తుకూ సుమారు ఒక అంగుళం తగ్గుతుంది కనుక, ఎత్తయిన ప్రాంతంలో ఉండేవారు ముల్లు 15 దగ్గర ఉందని కంగారుపడనక్కరలేదు. అంకె కన్నా ముల్లు కదిలే తీరే ఎక్కువ చెబుతుందన్నది నా అనుభవం. అందుకే బండి బాగా నడుస్తున్న రోజుల్లోనే, ఇంజన్ పూర్తిగా వేడెక్కాక, రీడింగ్ తీసి రాసిపెట్టుకోవాలని గట్టిగా చెబుతాను. తర్వాత పోల్చుకోవడానికి ఆ అంకెను మించిన ఆధారం ఉండదు.

గేజ్‌ను ఎక్కడ తగిలిస్తామన్నది ముఖ్యం. థ్రాటిల్ ప్లేటుకు పైన ఉన్న గొట్టానికి తగిలిస్తే ఐడ్లింగ్‌లో ముల్లు దాదాపు సున్నా దగ్గరే ఉంటుంది, దాన్ని చూసి ఇంజన్ పాడైందనుకునే ప్రమాదం ఉంది. నేరుగా మ్యానిఫోల్డ్ నుంచి వచ్చే గొట్టాన్నే ఎంచుకొని, టీ ఆకారపు జాయింటు పెట్టి తగిలించాలి.

పాత పికప్‌లో ఐడ్లింగ్ చెడిందంటే చాలామంది ముందుగా అనుమానించేది గాలి లీకునే. రబ్బరు గొట్టాలు ఏళ్లు గడిచేకొద్దీ గట్టిపడి, చివర్లలో పగుళ్లిస్తాయి కనుక ఆ అనుమానం సబబే. ఇక్కడ ఈ పరికరం పనితీరు నాకు పూర్తి తృప్తినిచ్చింది. ముల్లును చూస్తూ ఒక్కొక్క గొట్టాన్నీ, అంటే బ్రేక్ బూస్టర్‌ది (వాక్యూమ్ సాయంతో బ్రేకు తొక్కడాన్ని తేలిక చేసేది), పీసీవీ వాల్వుది (ఇంజన్ అడుగున చేరే ఆవిరులను తిరిగి మ్యానిఫోల్డ్‌లోకి పంపేది), హీటర్ తలుపులను కదిపేది, ఇలా వరుసగా నొక్కి పట్టుకుంటూ పోతే, ఏ గొట్టం మూసినప్పుడు ముల్లు పైకి లేస్తుందో లీకు దానికి అవతల ఉన్నట్టు. బ్రేక్ బూస్టర్ లోపలి పొర చిరిగిన సంగతి నా బండిలో ఇలాగే బయటపడింది. బ్రేకు తొక్కినప్పుడు ఇంజన్ తడబడటానికి కారణమూ అదే. పీసీవీ విషయంలో ఒక్క మాట: ఆ వాల్వు కొలిచి పెట్టిన లీకు లాంటిదే కాబట్టి, దాన్ని మూస్తే ఆర్‌పీఎంలో కొద్ది మార్పు రావడం సహజం. ఆ ఇంజన్‌కు నిర్ణయించిన వాల్వునే వేయాలి, పట్టింది కదా అని వేరేది వేయకూడదు.

అయితే కంప్యూటర్ ఉన్న ఇంజన్‌లో ఒక చిక్కుంది. చిన్న లీకు ఉంటే, ఐడ్లింగ్‌కు గాలి అందించే ఐఏసీ వాల్వు తనంతట తాను కొంత మూసుకొని లెక్క సరిచేస్తుంది. ఆర్‌పీఎం మారదు, ముల్లూ మామూలుగానే కనిపిస్తుంది. నా బండిలో మ్యానిఫోల్డ్‌లోని పీడనాన్ని కొలిచి పెట్రోల్ పంపే పద్ధతి ఉంది. ఈ పద్ధతిలో లీకైన గాలిని కూడా లెక్కలో కలుపుకొని కంప్యూటర్ పెట్రోల్ పెంచుతుంది కనుక, లీకు పెద్దదైతే ఇంజన్ ఆగిపోవడానికి బదులు ఐడ్లింగ్ పెరిగిపోతుంది. గాలి ప్రవాహాన్ని కొలిచే సెన్సర్ ఉన్న బళ్లలో మాత్రం అదే లీకు గాలి-పెట్రోల్ మిశ్రమంలో పెట్రోల్ పాలు తగ్గించి ఇంజన్‌ను తడబడేలా చేస్తుంది. అందుకే గేజ్‌తో పాటు ఇంకో పరీక్ష చేస్తాను: ఐఏసీ గాలి దారిని కాసేపు మూసి చూస్తాను. చాలా ఇంజన్లలో అప్పుడు ఆర్‌పీఎం బాగా పడిపోవాలి, లేదా ఇంజన్ ఆగిపోవాలి. ఏ మార్పూ లేకుండా నడుస్తూనే ఉంటే గాలి వేరే చోటునుంచి వస్తున్నట్టే. గ్యాస్కెట్ దగ్గర లీకు వెతకడానికి కొందరు కార్బ్యురేటర్ క్లీనర్ కొడతారు. వేడి ఎగ్జాస్ట్ మీద అది మంటకు దారితీస్తుంది. నీటి తుంపరతోనో, పొగ పట్టించే యంత్రంతోనో చూడటం మేలు.

కాలిన వాయువును కొంత తిరిగి ఇంజన్‌లోకి పంపే ఈజీఆర్ వాల్వు గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే దాని లక్షణాలు లీకును పోలి ఉంటాయి. దాని సీటు కింద కార్బన్ ముక్క ఇరుక్కుంటే, మూసి ఉండాల్సిన వేళ కాలిన వాయువు లోపలికి వస్తూ ఐడ్లింగ్‌ను పాడు చేస్తుంది. ముల్లు తక్కువలో ఉండి ఊగుతుంది, థ్రాటిల్ కాస్త ఇవ్వగానే ఇంజన్ నున్నగా తిరుగుతుంది. నా బండిలో ఇలా జరిగినప్పుడు వాల్వుకూ మ్యానిఫోల్డ్‌కూ మధ్య పలుచని రేకును తాత్కాలికంగా బిగించి నడిపితే, ముల్లు పైకి లేచి నిలబడటంతో అనుమానం తీరిపోయింది. వాల్వును శుభ్రం చేసి బిగించాక ఇంజన్ ఎంత ప్రశాంతంగా తిరిగిందో తలుచుకుంటే ఇప్పటికీ సంతోషంగా ఉంటుంది.

మిగతా సంకేతాలు త్వరగా చెబుతాను. ముల్లు క్రమం తప్పకుండా ఒకే తీరున కిందికి కొట్టుకుంటే ఒక సిలిండర్ మిస్ అవుతోంది (అందులో పెట్రోల్ సరిగా మండటం లేదు) లేదా ఒక వాల్వు సరిగా మూసుకోవడం లేదు. ప్లగ్ వైర్లు ముందుగా చూడాలి. నిలకడగా ఉన్నా రెండు మూడు అంగుళాలు తక్కువగా ఉంటే ఇగ్నిషన్ టైమింగ్ (స్పార్క్ పడే సమయం) ఆలస్యమై ఉండవచ్చు. ఆర్‌పీఎంను 2500 దగ్గర నిలిపి ఉంచినప్పుడు ముల్లు మెల్లగా దిగజారుతూ పోతే ఎగ్జాస్ట్‌లో అడ్డంకి, ఎక్కువగా, పొగలోని హానికర వాయువులను తగ్గించే కాటలిటిక్ కన్వర్టర్ మూసుకుపోవడం.

ఇది చెప్పలేనివీ ఉన్నాయి. ఐఏసీ వాల్వులో కార్బన్ పేరుకొని ఆర్‌పీఎం ఊగితే ముల్లూ దానితో పాటే ఊగుతుంది, కారణం మాత్రం చెప్పదు. కూలెంట్ ఉష్ణోగ్రత సెన్సర్ చల్లగా ఉందని తప్పు చెప్పి పెట్రోల్ ఎక్కువ పోయేలా చేస్తే, దాన్ని పట్టుకోవడానికి ఓమ్ మీటరే కావాలి. ఫ్యూయెల్ ప్రెజర్ రెగ్యులేటర్ లోపలి పొర చిరిగిందా లేదా అన్నది దాని వాక్యూమ్ గొట్టం తీసి, లోపల పెట్రోల్ తడి ఉందేమో చూస్తే తెలుస్తుంది.

కొనేవారు డయల్ పెద్దదిగా ఉన్నదీ, ముల్లు చురుగ్గా కదిలేదీ తీసుకోవాలి. కుదుపు తగ్గించే ఏర్పాటు మరీ ఎక్కువైతే వాల్వు దోషాన్ని చెప్పే సన్నని వణుకు కనిపించదు. గేజ్‌తో వచ్చే గొట్టం కూడా రబ్బరే, అదీ పగులుతుంది. నేను మార్చవలసి వచ్చిన భాగం అదొక్కటే. చాలా గేజ్‌ల డయల్ మీద పాత మెకానికల్ పెట్రోల్ పంపుల కోసం పది పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) లోపు పీడనం చూపే గీతలు కూడా ఉంటాయి. ప్రతి సిలిండర్‌కూ వేరుగా ఇంజెక్టర్ ఉండే మల్టీపోర్ట్ ఇంజెక్షన్ బళ్లలో పెట్రోల్ పీడనం 30 పీఎస్‌ఐ దాటుతుంది కాబట్టి, ఈ గేజ్‌ను ఆ పైపుకు ఎట్టి పరిస్థితిలోనూ తగిలించకూడదు.