ఈమాక్స్‌లో కోడ్ గుర్తులు: ప్రెట్టిఫై మోడా, లిగేచర్ ఫాంటా?

ప్రోగ్రాములు రాసే ఎడిటర్ ఈమాక్స్‌లో కోడ్‌ను గుర్తులుగా చూపించే దారులు రెండు: మాటల బదులు గుర్తులు చూపే ప్రెట్టిఫై మోడ్, పక్కపక్క అక్షరాలను కలిపి ఒకే బొమ్మగా గీసే లిగేచర్ ఫాంట్. రెండింటిలోనూ ఫైల్ మారదు, తెరమీద కనిపించే రూపమే మారుతుంది.

ప్రెట్టిఫై సింబల్స్ మోడ్ ఈమాక్స్ 24.4 నుంచి ఉంది. ఏ మాటకు ఏ గుర్తో జాబితాలో మనమే రాసుకోవచ్చు. స్ట్రింగులు (కోట్స్ మధ్య రాసిన పాఠం), కామెంట్ల (కోడ్‌లో రాసుకునే వివరణల) జోలికి మామూలుగా పోదు. చిక్కంతా ఇండెంటేషన్‌తోనే, అంటే వరస మొదట్లో వదిలే ఖాళీతోనే. లిస్ప్ అనే ప్రోగ్రామింగ్ భాషలో ఆరక్షరాల లాంబ్డా (lambda) ఒక్క గ్రీకు అక్షరమై (λ) ఒకే గడిలో, అంటే ఒక్క అక్షరం పట్టే చోట్లో, సర్దుకుంటుంది. దాని కుడివైపు బ్రాకెట్‌కు తిన్నగా పెట్టిన కింది వరస, మోడ్ లేనివాళ్లకు ఐదు గడులు ఎడమకు జరిగి కనిపిస్తుంది. ఇలాంటి కోడ్‌ను నలుగురితో పంచుకుంటే గొడవే.

ఫిరా కోడ్ లాంటి లిగేచర్ ఫాంట్‌లో ఈ బెడద లేదు: -> బాణంగా మారినా రెండు గడులూ అలాగే ఉంటాయి. మన ఒత్తులను కూర్చే హార్ఫ్‌బజ్ ఇంజనే ఈ పనీ చేస్తుంది. అయితే ఫాంట్‌లో గీసిన జతలే దొరుకుతాయి, స్ట్రింగుల్లోనూ మారిపోతాయి. ఈమాక్స్‌లో దీనికి లిగేచర్ ప్యాకేజీ వేసుకోవాలి; వీఎస్ కోడ్ అనే మరో ఎడిటర్‌లో ఫాంట్ లిగేచర్స్ సెట్టింగ్ ఆన్ చేస్తే సరి.

జట్టుగా రాసే కోడ్‌కు లిగేచరే మేలు. సొంత లిస్ప్ ఫైళ్లకు ప్రెట్టిఫై హాయి. అన్‌ప్రెట్టిఫై ఎట్ పాయింట్ ఆప్షన్ పెట్టుకుంటే కర్సర్ చేరగానే అసలు మాట కనిపిస్తుంది.